బరువు నేలను తాకాక

వాల్పరైసో రేవులో
నలభై మీటర్ల ఎత్తున నా కుర్చీ.
కాళ్ళ కింద గాజు నేల,
గాజు కింద ఓడ, ఓడ నిండా డబ్బాలు.
ఎనిమిది గంటలు మెడ వంచి
నా తొడల సందులోంచే లోకాన్ని చూస్తాను.

దిగి ఎక్కడానికి పావుగంట.
ఓడకి నిమిషానికింతని అద్దె.
అందుకని ఉగ్గబట్టడం నేర్చుకున్నాను.
మొదట ఒంటేలు.
తర్వాత తుమ్ము, విసుగు, నవ్వు.
పందొమ్మిదేళ్ళలో
ఏది పట్టి ఉంచానో ఏది వదిలేశానో
లెక్క తప్పింది.

నొప్పి ఫలానా రోజున వచ్చిందని చెప్పలేను.
కూర్చుంటే, వృషణాల వెనక,
ఎవరో కాల్చిన గోళీ పెట్టి
దాని మీద నన్ను కూర్చోబెట్టినట్టు.
ఒంటేలుకి నిలబడితే
నీళ్ళు రాని వీధిలో కొళాయి ముందు బిందె.
ఒక చుక్క. ఆగడం. ఇంకో చుక్క.

ప్రొస్టేట్ అన్నారు.
మూడు రకాల మాత్రలు మింగించారు.
చివరికి ఏమీ లేదన్న కాగితం చేతికిచ్చి
సంతోషించమన్నారు.
ఏమీ లేనిది ఇంతగా ఎలా సలుపుతుందో
ఆ కాగితంలో రాయలేదు.

ఇక, చెప్పాల్సిన మాట.
యస్నా పక్కన పడుకున్న రాత్రుల్లో
నా అంగం నా మాట వినేది కాదు.
విన్న రోజున, చివర్లో,
సుఖం రావాల్సిన చోట కత్తి తిరిగేది.
ఆ భయంతో మరుసటిసారి ముందే బిగుసుకునేవాణ్ణి.
అలసట అన్నాను. నిద్ర అన్నాను.
ఆఖరికి రాత్రి షిఫ్టులు అడిగి వేయించుకున్నాను.
ఆమె ఏమీ అడగలేదు.
సాయంత్రం టీ దగ్గర రొట్టె తుంచి
సగం నా వైపు జరిపేది, ఎప్పట్లాగే.
ఆ ఎప్పట్లాగే
గోళీకన్నా ఎక్కువ కాల్చింది.

కొండ మీది క్లినిక్‌లో మైతే ఒయార్సున్,
కండరాల వైద్యురాలు, నా కూతురి వయసు.
చేతికి తొడుగు వేసుకుంటూ
"దవడ వదలండి" అంది.
నొప్పి కింద కదమ్మా, అన్నాను.
"రెండూ ఒకే ఇంటి తలుపులు. వదలండి."
లోపల ఒక చోట వేలు ఆనించింది.
పట్టపగలు చుక్కలు కనిపించాయి.
అదే. అదే నొప్పి.
ఊరంతా వెతికిన దొంగ
మా మెట్ల కిందే కాపురం పెట్టినట్టు.

"ఇక్కడో పిడికిలి ఉంది నిబాల్దో గారూ.
మీరే బిగించారు, విప్పడం మర్చిపోయారు.
బలం కోసం ఏ కసరత్తూ చేయకండి,
ఉన్న బలమే ఎక్కువైంది."
వదలబోయాను. బిగిసింది.
గట్టిగా వదలబోయాను. ఇంకా గట్టిగా బిగిసింది.
ఆమె నవ్వింది.
నాకూ నవ్వొచ్చింది. ఉగ్గబట్టాను.

ఏడేళ్ళప్పుడు భూకంపం.
గుమ్మం చట్రం కింద నాన్న నన్ను అదిమి పట్టి
కదలకు, ఏడవకు, బిగబట్టుకో అన్నాడు.
నేల ఆగింది.
ఇక చాలు, వదిలెయ్యి అని
ఆయన చెప్పినట్టు గుర్తులేదు.

మర్నాడు డబ్బా ఎత్తుతూ చూశాను:
నాలుగు మూలలా నాలుగు తాళాలు.
గాల్లో ఉండగా మీట ఎంత నొక్కినా తెరుచుకోవు.
తెరుచుకోకూడదు, కింద మనుషులుంటారు.
బరువు నేలను తాకాలి,
తీగలు వదులవ్వాలి,
అప్పుడు పచ్చ దీపం.
నా చేతికి తెలిసిన ఈ సంగతి
నా నడుముకి ఎవరూ చెప్పలేదు.

ఇంటి దగ్గర చాప పరుచుకుని
పిక్కలు కుర్చీ మీద పెట్టి
పొట్టలోకి ఊపిరి పంపుతున్నాను.
యస్నా వచ్చి చూసింది.
"ఏం చేస్తున్నావు?"
"దిగుతున్నా."
అప్పుడు చెప్పాను, పైకప్పుని చూస్తూ, మొత్తం.
ఆమె నా పక్కనే నేల మీద పడుకుని
పొట్ట మీద చెయ్యి వేసింది.
నా ఊపిరితో ఆ చెయ్యి లేచింది, దిగింది.
ఆ రాత్రి ఇంకేమీ జరగలేదు. రేవు వైపు
సముద్రసింహాలు అరుస్తూనే ఉన్నాయి.

ఇవాళ షిఫ్టు మధ్యలో క్రేన్ దిగాను.
రేడియోలో ఫోర్‌మన్ తిట్లు. ఓడ ఆగింది.
గోడకెదురుగా నిలబడి, దవడ వదిలి,
ముక్కకుండా
నేనూ ఆగాను.